కూతవేటు నీళ్ళు

ఒకానొక కొండల రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన బిరుదులన్నీ చదివేసరికి వందిమాగధుల గొంతు ఆర్చుకుపోయేది. వాటిలో ఆయనకు ప్రాణమైన బిరుదు 'జలదాత'. ఊళ్ళకు మంచినీళ్ళూ, మురుగుకాలవలూ కట్టించడానికి ఏటా ఖజానాలోంచి నిధి తీసేవాడు మరి! కాకపోతే ఆ నిధికి కాపలా నరహరి మంత్రి. ఆయన నియమాలు దాటుకుని నిధి ఊరు చేరడమంటే మాటలా?

ఆ నియమాల్లో ఒకటి, కూతవేటు దూరంలో నీళ్ళున్న ఊరికి నిధి ఇవ్వరాదని. మంత్రిగారి మనిషి ఊరి అంచున నిలబడి ఒక కూత వేస్తాడు. రేవులో ఉన్నవాళ్ళు 'ఓయ్' అంటే నీళ్ళు దగ్గరున్నట్టే. అంతే, రాసుకుని వెళ్ళిపోతాడు.

మైదానంలో ఈ లెక్క బాగానే ఉంది. గుమ్మగండి అలాంటి ఊరు కాదే! అది కొండ అంచున వేలాడే గిరిజనుల గూడెం. వాగు సరిగ్గా దాని కింద, లోయ అడుగున ఉంది. పైనుంచి వేసిన కూత రెప్పపాటులో కిందికి చేరుతుంది. కుండ పట్టుకుని దిగి ఎక్కేసరికి మనిషికి ఓ పూట పడుతుంది.

పైగా కొండ నెత్తిన రాజుగారి వేట విడిది ఉంది. అక్కడి స్నానాల నీళ్ళూ, వంటశాల కుడితీ లోయలోకి జారి, గూడెంవాళ్ళు నీళ్ళు ముంచుకునే మడుగులోనే కలుస్తాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు. అప్పటికే నాలుగు కుటుంబాలు ఊరొదిలిపోయాయి.

గూడెం పెద్ద బుదరి సభకొచ్చి ఈ గోడంతా చెప్పుకుంది. "వానలు పడితే ఆ మురుగు ఇంకా పొంగుతాది దొరా. ఈలోగా మంచినీళ్ళు రాకపోతే మేమంతా కొండ దిగిపోతాం. మా తాతలు పుట్టిన కొండ అది" అంది.

"కూతకు జవాబొచ్చింది ప్రభూ. వరసగా మూడేళ్ళు వచ్చింది" అన్నాడు నరహరి మంత్రి, తాటాకులు చూపిస్తూ.

"జలదాత రాజ్యంలో దాహమా? మేమే వచ్చి తేలుస్తాం!" అని గర్జించాడు రాజు. "మంత్రి మాట నిజమైతే ఆ ఊరి పేరు నిధి పట్టీలోంచి శాశ్వతంగా కొట్టేస్తాం."

బుదరి ముఖం పాలిపోయింది. సభలో హాస్యం చెప్పే బొల్లన అది చూశాడు. రాజును నవ్వించి పొట్ట పోసుకునే మనిషే గానీ, ఆ క్షణాన అతనికి నవ్వించబుద్ధి కాలేదు. మరుక్షణం బుర్రలో ఏదో తళుక్కుమంది. ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

"మంత్రిగారి నియమం అద్భుతం మహారాజా! మీరే స్వయంగా కూత వేసి పరీక్షించాలి" అని చేతులు జోడించి, బయటికొచ్చాక బుదరితో "బెంగపడకు అక్కా. నువ్వు చేయాల్సిందల్లా అబద్ధం ఆడకపోవడమే" అన్నాడు.

వారం తిరక్కుండా రాజు వేట విడిదికి వచ్చాడు. పొద్దున్నే గంధం, కస్తూరి కలిపిన బిందెలకు బిందెలు గుమ్మరించుకుని స్నానం చేశాడు. గూడేనికి బయలుదేరబోతుంటే సేవకులు నీళ్ళ తిత్తులు భుజాన వేసుకున్నారు.

"అయ్యో, అవెందుకు?" అని బొల్లన అడ్డం పడ్డాడు. "కూతవేటులో నీళ్ళుంటే తిత్తులు మోసుకెళ్ళడం మంత్రిగారిని నమ్మనట్టు కాదూ?"

"నిజమే. దింపండి" అన్నాడు నరహరి మంత్రి, మీసం దువ్వుకుంటూ.

గూడెం చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. రాజు అంచున నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "కూ...!" అన్నాడు. లోయలోంచి వెంటనే "ఓ...య్!" అని ఆడగొంతు పలికింది.

"విన్నారా ప్రభూ!" మంత్రి పొంగిపోయాడు.

"భేష్! దాహంగా ఉంది, నీళ్ళు తెమ్మను" అన్నాడు రాజు.

"తెస్తోంది ప్రభూ. కూతవేటే కదా" అన్నాడు బొల్లన.

కూర్చున్నారు. నీడ జరిగింది, వాళ్ళూ జరిగారు. రాజు పెదవులు తడుపుకున్నాడు. మంత్రి గుటకలు మింగాడు. "ఏమయింది?" అని రాజు మళ్ళీ కూత వేశాడు. మళ్ళీ "ఓ...య్!" అని బదులు. నీళ్ళ జాడ మాత్రం లేదు. బొల్లన రాజు ముఖమే చూస్తున్నాడు. రాజుకి కోపమొచ్చి విడిదికి లేచిపోతే తన ఎత్తంతా గంగలో కలిసినట్టే!

ఎట్టకేలకు బుదరి కోడలు సోమిలి, కుండ మీద కుండతో, రొప్పుతూ అంచుకు ఎక్కింది. కాళ్ళు వణుకుతున్నాయి. బుదరి సొరబుర్రతో నీళ్ళు ముంచి ఇచ్చింది.

రాజు ఆత్రంగా నోటి దగ్గర పెట్టుకుని, ఆగి, ముక్కు ఎగబీల్చాడు. "ఆహా! గంధం వాసన! ఇంత సుగంధ జలం తాగుతూ మీకు ఇంకేం కావాలి?" అని సొరబుర్ర ఎత్తాడు.

తాగు, తాగు, అని బొల్లన మనసులో మొక్కుకుంటున్నాడు. బుదరి చటుక్కున రాజు చెయ్యి పట్టేసుకుంది!

"వద్దు దొరా! తాగకండి. పొద్దున మీరు తానం చేసిన నీళ్ళే అవి."

కొండమనిషి రాజు చెయ్యి పట్టుకోవడమా! రాజు ఒక గుక్క తాగాక నిజం బయటపడాలన్నది బొల్లన ఎత్తు, ఇది కాదు. అయినా వెంటనే తేరుకుని నేల మీద సాగిలపడ్డాడు.

"క్షమించండి మహారాజా, ఈ అమ్మకు అతిథి మర్యాద తెలియదు. ఆ నీళ్ళు తమ పిల్లలకు మూడేళ్ళుగా పట్టిస్తూ, మీకు ఒక్క గుక్క పోయడానికి మనసొప్పడం లేదు!"

రాజు చేతిలోని బుర్ర వైపు చూశాడు. సోమిలి కాళ్ళ వైపు చూశాడు. బిరుదులన్నీ ఎక్కడికి పోయాయో, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు పెరిగి పెరిగి కడుపు పట్టుకునేదాకా వచ్చింది.

"ఒరేయ్ బొల్లనా, జలదాతకే జలపాఠం చెప్పావు కదరా! నరహరీ, నియమం మారింది. ఇకమీదట దూరం గొంతుతో కొలవరాదు. నిండుకుండ నెత్తిన పెట్టుకుని నడిచి కొలవాలి. మొదటి కొలత నీదే. దిగు."

మంత్రి దిగాడు. ఎక్కేసరికి పొద్దుగుంకింది. మర్నాటికల్లా ఖజానా తలుపులు తెరుచుకున్నాయి!

విడిది తోటలోని ఊటనుంచి గూడేనికి మట్టిగొట్టాలు వేసి, రాతితొట్టి కట్టారు. విడిది మురుగును కొండకు అవతలి వైపు తిప్పి, ఇంకుడు గుంటల్లోకి మళ్ళించారు. తొలివాన ఇంకా పడనేలేదు.

తొట్టిలోకి నీళ్ళు దూకిన రోజున రాజు మళ్ళీ వచ్చాడు. అంచున నిలబడి "కూ...!" అన్నాడు. లోయలోంచి ఎవరూ పలకలేదు.

"ప్రభూ, రేవులో ఎవరూ లేరు!" మంత్రి కంగారుపడ్డాడు.

"ఎందుకుంటారయ్యా, అందరూ ఇక్కడే ఉంటే!" అని రాజు పకపకా నవ్వాడు. తొట్టి చుట్టూ ఆడవాళ్ళూ పిల్లలూ ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. రాజు తన చేతి బంగారు కడియం తీసి బొల్లన చేతికి తొడిగాడు.

బుదరి సొరబుర్ర నిండా నీళ్ళు ముంచి అందించింది. "తాగండి దొరా. ఈ మాటు ఆపను."

రాజు అందుకుని, అలవాటుగా ముందు వాసన చూశాడు. ఏ వాసనా లేదు. గటగటా తాగేశాడు.