చిట్టి మళ్లీ పలికిన రోజు

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్ల నడుమ ఒక బడి ఉండేదర్రా. ఆ బడికి పెద్ద టీచరు ఏనుగమ్మ. ఆవిడ నడిస్తే నేల అదిరేది. ఆవిడ ఎక్కాలు చెబితే ఎంత మొద్దుకైనా వచ్చేసేవి. కానీ ఆట గంట కొట్టాక మాత్రం గది దాటి బయటికొచ్చేది కాదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ బడిలో చిట్టి అనే అలుగు పిల్ల కొత్తగా చేరింది. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా పొలుసులు. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. అది చూసి దుప్పి పిల్ల కొమ్మన్నకి భలే సరదా వేసింది. ఆట గంట కొట్టగానే మీదికి ఉరికేవాడు. చిట్టి చుట్టుకుపోయేది. వాడు కాలితో తన్నేవాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. నవ్వకండి, ఆ బంతి లోపల ఉన్నది మీలాంటి పిల్లే.

చిట్టి ఏనుగమ్మ దగ్గరికెళ్లి, "టీచర్, నన్ను తంతున్నారు," అంది.

"ఆటలన్నాక అవన్నీ మామూలేనే," అంది ఏనుగమ్మ.

మర్నాడు కుందేలు పిల్ల వచ్చి, "టీచర్, చిట్టి లోపల ఏడుస్తోంది. నాకు వినబడింది," అంది.

"మీలో మీరు సర్దుకోండి," అంది ఏనుగమ్మ.

మూడో రోజు చిట్టి వాళ్లమ్మ వచ్చింది. ఊడిపోయిన పొలుసు ఒకటి చూపించింది.

"మా బడిలో అలాంటివి జరగవమ్మా. మీ అమ్మాయే కాస్త ధైర్యం తెచ్చుకోవాలి," అంది ఏనుగమ్మ.

ఆ రోజే కొమ్మన్న తన్నిన తన్నుకి చిట్టి వెళ్లి బండకి కొట్టుకుంది. ఆట అయిపోయింది. చిట్టి మాత్రం విచ్చుకోలేదు.

ఆట తర్వాత ఏనుగమ్మ రోజూ మళ్లీ హాజరు పిలిచేది. ఆ రోజూ "చిట్టీ," అంది. పలుకు లేదు. బయటికొచ్చి చూస్తే ఎండలో ఆ చిన్న బంతి. పక్కన కొమ్మన్న, "లేవవే, ఇంక తన్నను," అని బతిమాలుతున్నాడు. కబురు తెలిసి చిట్టి వాళ్లమ్మ పరుగున వచ్చి పిలిచింది. అమ్మకీ విచ్చుకోలేదు.

"ఇలాగే ఉండిపోతే తిండీ నీళ్లూ లేక నా పిల్ల నాకు దక్కదు టీచరుగారూ," అని ఏడ్చింది.

అప్పుడు జరిగింది చూడండి. కొండంత ఏనుగమ్మ ఆ చిట్టి బంతి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తొండం నేలకి ఆనించింది. అడవిలో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు. చెట్టు మీది కోతులు కూడా కిందికి వంగి చూశాయి.

"మూడుసార్లు నాకు చెప్పారు తల్లీ. మూడుసార్లూ నేను వినలేదు. తప్పు నాది," అంది.

"తన్నింది నేను కదా టీచర్," అన్నాడు కొమ్మన్న, తల దించుకుని.

"నీ తప్పు నీకుంది. ఆపాల్సింది నేను. ఆపలేదు," అంది ఏనుగమ్మ.

అప్పుడు బంతి లోపల్నుంచి సన్నగా ఒక మాట వచ్చింది.

"రేపు కూడా ఆట గంట కొడతారా?"

"కొడతాను. గంట కొట్టాక నేనూ బయటే ఉంటాను. రేపూ ఉంటాను, ఎల్లుండీ ఉంటాను."

ఒక పొలుసు కదిలింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి చిన్న ముక్కు బయటికొచ్చింది.

ఏనుగమ్మ మెల్లగా మళ్లీ పిలిచింది.

"చిట్టీ."

"హాజరు టీచర్," అంది చిట్టి.

నీతి: తోటిపిల్లల చేతిలో ఏ పిల్లా ఏడవకుండా చూడటం బడి బాధ్యత, అందుకే పిల్లలు మొదటిసారి చెప్పినప్పుడే పెద్దలు వినాలి.