సుంకులవ్వ పాపంలో వంతు

మా తాతల తాతలకు కూడా తాతలున్న కాలం. ఒక కొండ కింద ఒక రాజధాని. రాజులు పోయారు. కోట కూలింది. అంగళ్ల వీధిలో గడ్డి మొలిచింది. గుళ్లు, వాటి ముందు తూర్పున ఒకటి, పడమట ఒకటి మంటపాలు మాత్రం మిగిలాయి.

ఆ గడ్డి కోసి పక్క ఊళ్లో అమ్ముకుని బతికేది సుంకులవ్వ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమె రోజూ ఒకటి చూసేది. పక్షులు వేసిన గింజలకు గుడిగోడల్లో రావిమొక్కలు లేస్తున్నాయి. వేరు లావయ్యేకొద్దీ రాయి జరుగుతోంది. రావి దేవుడి చెట్టు కదా, ఎవరూ పీకరు. దండం పెట్టి పోతారు.

సుంకులవ్వ తూర్పు మంటపంలో మొక్కలన్నీ పీకింది. పారేయలేదు, దారి పక్కన నాటింది.

ఊరి పెద్దరెడ్డి వచ్చాడు. "ఏమే సుంకులూ, రావిమొక్క పీకితే పాపమని తెలీదా?"

"పాపమైతే నాది రెడ్డీ, మంటపం అందరిది."

పూజారి వచ్చాడు. "రావి అంటే సాక్షాత్తూ నారాయణుడే."

"లోపలున్నదీ ఆయనే కదా సామీ. ఆయన ఇల్లు ఆయనే పడగొట్టుకుంటుంటే చూస్తా కూచోమంటావా? పాపమైతే నాది, మంటపం అందరిది."

మరిది ఓబులేసు వచ్చాడు. "వదినా, నీ మూలాన మా ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు లేరు."

"మా వదిన కాదని చెప్పుకో. పాపమైతే నాది, మంటపం అందరిది."

ఊరు కట్టు పెట్టింది. సుంకులవ్వ దగ్గర గడ్డి కొనరాదు. ఆమెను తాకినవాళ్లకు ఆ పాపంలో వంతు. ఆమె పడమటి మంటపం జోలికి పోకుండా కాపలా కూడా పెట్టారు. అవ్వ ఆకూ అలమూ తిని బతికింది. ఏళ్లు గడిచాయి. పడమటి మంటపం నెత్తిన రావి మాను కట్టింది.

ఒక శ్రావణంలో ఊరంతా పిల్లాపాపలతో పాత గుళ్లు చూడబోయింది. వాన పట్టుకుంది. అందరూ దగ్గరున్న పడమటి మంటపానికి పరుగెత్తారు. దానికి ఒకటే వాకిలి, ఇరుకుది. ఆ వాకిట్లో సుంకులవ్వ చేతులు చాపి నిలబడి ఉంది.

"పైబండ కదిలింది. చప్పుడు విన్నా. తూర్పుదానికి పోండి."

"ఈ వానలో అంత దూరమా? తప్పుకో," అన్నాడు రెడ్డి.

"తప్పుకోను. లోపలికి పోవాలంటే నన్ను తాకి పోవాలి. తాకితే పాపంలో వంతు. నువ్వు పెట్టిన కట్టే కదా రెడ్డీ. ఎవరు ముందు తాకుతారో రండి."

ఎవరూ తాకలేదు. తిట్టుకుంటూ, తడుస్తూ తూర్పు మంటపానికి పోయారు. అవ్వ అందరికన్నా వెనక నడిచింది. ఆమె సగం దారిలో ఉండగా పడమటి మంటపం కూలింది.

వాన వెలిసింది. రెడ్డి తూర్పు మంటపం గోడలో కొత్తగా లేచిన రావిమొక్కను చూపించాడు. "అవ్వా, దాన్ని కూడా పీకెయ్."

"నా చేతులకు ఇప్పటికే నిండా అంటింది. నువ్వు పీకు."

రెడ్డి చెప్పులు విప్పాడు. గోడకు మొక్కాడు. మొక్క పీకాడు. పూజారి ఒకటి పీకాడు. ఓబులేసు ఒకటి పీకాడు.

సుంకులవ్వ పోయాక ఆమెకు గుడి కట్టలేదు, బొమ్మ చెక్కలేదు. కానీ తూర్పు మంటపం ఇంకా నిలబడే ఉంది. ఆ పాడుబడిన రాజధాని చూడబోయినవాళ్లు గోడలో రావిమొక్క కనబడితే వేరుతో సహా పీకుతారు. దారి పక్కన నాటి, మట్టి కప్పుతూ, ముసలివాళ్లైనా పసివాళ్లైనా ఒకే మాట అంటారు:

"అవ్వా, నీ పాపంలో నా వంతు."