‘కానీ’ అంటే పది కొరడా దెబ్బలు

ఒకానొక రాజ్యంలో ఒక రాజు ఉండేవాడు. తనంత తెలివైనవాడు ముల్లోకాల్లో లేడని వాడి నమ్మకం. ఆ మొద్దును వెతుక్కుంటూ మీరెక్కడికీ పోనక్కర్లేదు, వాణ్ణి నేనే. రాజ్యం మా అబ్బాయికి అప్పగించేశాను, పళ్ళు కూడా ఊడాయి. ఇక నిజం చెప్పుకోవడానికి అడ్డేముంది?

మాది ఏటి ఒడ్డు రాజ్యం. ఒకసారి పొరుగురాజు చుట్టపుచూపుగా వస్తానని కబురంపాడు. ఆయన్ని ఏట్లో ఊరేగించడానికి రెండంతస్తుల పడవ చేయించాలని నాకు బుద్ధి పుట్టింది. పై అంతస్తు మీద నిలువెత్తు కంచు సింహం కూడా. బొమ్మ నేనే గీశాను. సింహం కాస్తా కుక్కలా వచ్చింది. అయినా ఆస్థానమంతా ఆహా ఓహో అన్నది.

పని పెద్ద వడ్రంగి మల్లోజుకి అప్పగించాను. అప్పగించానంటే పేరుకే లెండి. రోజూ పొద్దున్నే ‘నిలువు కొలువు’ పెట్టేవాణ్ణి. కూర్చుంటే మాటలు సాగుతాయని పనివాళ్ళంతా నిలబడే ఉండాలి. నేను మాత్రం పట్టుపరుపు మీద కూర్చుని ఎండెక్కేదాకా మాట్లాడేవాణ్ణి. పాపం, వాళ్ళ కాళ్ళు వాచేవి.

ఆ మల్లోజుకి ఒక పాడలవాటు. నేనేం చెప్పినా “చిత్తం ప్రభూ, కానీ...” అనేవాడు. అంతలోనే నేను “చాల్లే!” అని కసిరేవాణ్ణి. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగోరోజు ఒళ్ళు మండింది.

“నేటినుంచి నా రాజ్యంలో ‘కానీ’ అన్న మాట ఎవడు పలికినా పది కొరడా దెబ్బలు!” అని చాటించాను.

అబ్బో, ఎంత హాయిగా ఉండిందో! ఎటు చూసినా చిత్తం, చిత్తం. పడవ చుక్కానిని చుక్కాని అనడానికి కూడా జంకి జనం ‘పడవతోక’ అనసాగారు. అదంతా నా పాలన గొప్పతనమే అనుకున్నాను.

పడవను నీళ్ళలోకి దించే ముహూర్తం వచ్చింది. ఊరంతా గట్టున చేరింది. తెడ్లవాళ్ళు పద్దెనిమిది మంది పడవెక్కారు. మల్లోజు చుక్కాని దగ్గర కూర్చున్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను చెయ్యెత్తి గంభీరంగా ఆజ్ఞ ఇచ్చాను.

“ఊఁ, కానీ!”

ఒక్కడూ కదల్లేదు. మా ఆస్థాన విదూషకుడు పోలన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“ప్రభూ, తమరు అంగీ విప్పితే కొరడావాడు సిద్ధంగా ఉన్నాడు.”

“నీకేమైనా పిచ్చెక్కిందట్రా?”

“ఎవడు పలికినా అని తమరే చాటించారు. ఇప్పుడు తమరే పలికారు.”

“ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నేనన్నది ఆ కానీ కాదురా. వాడిది అడ్డుపుల్ల కానీ. నాది పని సాగనివ్వమనే కానీ!”

“మరో మూడుసార్లు అన్నారు. మొత్తం నలభై దెబ్బలు” అన్నాడు పోలన వినయంగా. “అంటే ఆ మాట రెండు రకాలన్నమాట. మరి మల్లోజు అన్నది ఏ రకమో తమకెలా తెలిసింది?”

నా జవాబు కోసం ఆగకుండా పోలనే మళ్ళీ అందుకున్నాడు.

“ఆ మాట తర్వాత ఏమొస్తుందో వింటే తప్ప, అది అడ్డుపుల్లో, పనికి దారో బ్రహ్మదేవుడికైనా తెలియదు ప్రభూ!”

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

“సరే మల్లోజూ, ఆ కానీ తర్వాత ఏముందో చెప్పి చావు!”

“యాభై” అన్నాడు కొరడావాడు మెల్లగా.

మల్లోజు లేచాడు. “చిత్తం ప్రభూ, కానీ... తలబరువు ఎక్కువైంది.”

“ఎవరికిరా?”

“పడవకే ప్రభూ, పడవకే! ఆ సింహంతో నడి ఏటికి పోతే బోర్లాపడుతుంది. నా ఒక్కగానొక్క కొడుకు కూడా ఈ తెడ్ల దగ్గరే ఉన్నాడు.”

అందరినీ దింపించి, తాళ్ళు కట్టించి, సింహంతో సహా పడవను నీళ్ళలోకి తోయించాను. నాలుగు బారలు పోయిందో లేదో వయ్యారంగా ఒక పక్కకి ఒరిగింది. అంతే, మళ్ళీ లేవలేదు. నా సింహం బుడుంగుమంది.

నాకు ఒళ్ళు జలదరించింది. పంతొమ్మిది ప్రాణాలు! ఊరేగింపునాడు పైన కూర్చోవలసినవాణ్ణి నేను, నాకు ఈత కూడా రాదు. మునిగిన చోట ఇంకా బుడగలు వస్తూనే ఉన్నాయి. వాటిని చూస్తుంటే నా ఘనకార్యం తలుచుకుని నాకే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. అప్పుడు ఊరంతా ధైర్యం చేసి నవ్వింది.

పోలనకి నా చేతి బంగారు కడియం తొడిగాను. నా యాభై దెబ్బలూ తగలకముందే శాసనం రద్దు చేశాను. “మల్లోజూ, ఇక పడవ నీది. ఎలా చేస్తావో, ఎవరితో చేస్తావో నువ్వే తేల్చుకో. కొలువులో నువ్వు చెప్పు, నేను నిలబడి వింటాను” అన్నాను.

పొరుగురాజు వచ్చేనాటికి ఒకే అంతస్తుతో చక్కని పడవ తేలింది. ఏట్లో హంసలా సాగుతుంటే ఆయన మురిసిపోయి, “ఎవరు చేశారు దీన్ని?” అని అడిగాడు.

‘నేనే’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కష్టపడి మింగాను.

“మా మల్లోజు.”

“మరి తమరేం చేశారు?”

“విన్నాను” అన్నాను. ఇరవయ్యేళ్ళ ఏలుబడిలో నేను చేసిన మొదటి పని అదే.