పదివేల ఏడు చీమలు

ఒకప్పుడు చీమలు ఇప్పటిలా నడిచేవి కావు. విందులో బంతులు కూర్చున్నట్టు వరసలు కట్టేవి. ప్రతి వరసలోనూ సమానంగా ఉండాలి. వరసల్లో పట్టక మిగిలినవాళ్లు అపశకునమట, వాళ్లని వదిలేసి పోయేవి! ఎంత సిగ్గుమాలిన ఆచారమో చూడండి.

ఏటి ఒడ్డు పుట్టలో సరిగ్గా పదివేల చీమలుండేవి. పదేసి నిలబడినా, వందేసి నిలబడినా మిగులే లేదు. అందుకే ఆ ఆచారం ఎవరికీ నొప్పి పెట్టలేదు.

ఒకనాడు ఏడు పిల్లచీమలు పుట్టాయి. ఆ పొద్దునే ఏరు పొంగింది.

"గట్టెక్కాలి! పదేసి నిలబడండి!" అని రాణిచీమ అరిచింది. అందరూ తోసుకుని నిలబడ్డారు. ఏడుగురు పిల్లలూ బయట మిగిలారు.

"వదిలేయండి," అంది రాణి.

పిల్లల్ని సాకే గవరమ్మ వాళ్లకి అడ్డంగా నిలబడింది. "ఆ మాటకి నోరెలా వచ్చిందమ్మా? నువ్వు కన్న పిల్లలే! కన్నావు గానీ ఒక్కసారైనా ఎత్తుకున్నావా? వరస మార్చి చూడు!"

మూడేసి నిలబడితే ఇద్దరు మిగిలారు. ఏడేసి నిలబడితే నలుగురు. పదకొండేసి నిలబడితే ఏకంగా ఎనిమిది మంది! చీమలన్నీ నోళ్లు తెరిచాయి.

లెక్కలు చూసే బంగారయ్య మీసాలు లాక్కుంటూ నూరు దాకా గబగబా లెక్కేశాడు. "అమ్మో! ఎంతేసి పెట్టినా మిగులుతున్నారు! ఇంత మొండి సంఖ్యని నా పుట్టుకలో చూడలేదు!"

"నూరు దాటి చూడవయ్యా!" అంది గవరమ్మ.

"దండగ తల్లీ. ఒక్కో వరసలో నూటికి పైన పెడితే వరసలే నూటికి లోపు పడతాయి. ఇందాకటి లెక్కే అడ్డం తిప్పినట్టు. ఇది విరగదు!"

నీళ్లు పుట్టని తాకాయి.

"అయితే జతలు కట్టండి! మిగిలేది ఒక్కరేగా, పోతే పోనీ!" అంది రాణి.

గవరమ్మ ముందు పిల్లల్ని జతల్లోకి నెట్టి, తనూ నిలబడింది. క్షణంలో అందరికీ జోడీ కుదిరింది. ఎవరు మిగిలారా అని అందరూ తిరిగి చూశారు.

రాణి!

"నేనా?" అంది రాణి.

"ఆచారం నువ్వు నిలబెట్టిందేగా, తల్లీ!" అంది గవరమ్మ. అని ఊరుకోలేదు, జోడీ విడిచి తన జతచీమ వెనక్కి జరిగింది. "జతలొద్దు, బంతులొద్దు. ఒకరి వెనక ఒకరు నడుద్దాం. రా, నా వెనక నిలబడు!"

పదివేల ఏడుగురూ ఒకే బారు అయ్యారు.

"మిగులు... సున్నా!" బంగారయ్య కూలబడబోయి, వెనకవాళ్లు తోస్తే నడిచాడు. అందరూ గట్టెక్కారు.

అప్పటినుంచే చీమలు ఒకదాని వెనక ఒకటి బారుగా నడుస్తున్నాయి. ఎదురుపడినప్పుడల్లా మీసాలు తాకించి ఆగడం చూశారా? "వెనక ఎవరూ మిగల్లేదు కదా?" అని అడిగి, జవాబు విన్నాకే కదులుతాయి.