కొంరవ్వ కట్టె

“‘నా పెయ్యి మంచిగుంటే పక్కోని జెరానికి నేనెందుకు కట్టె మొయ్యాలె?’ గీ మాట నాది గాదే అవ్వా, పటేలు మాట. పటేలే కట్టె ఇయ్యకుంటే నేనెందుకియ్యాలె?”

“పటేలు మాట నీ నోట్లకొచ్చిందారా సారయ్యా? మరి పటేలు బువ్వ గూడ వస్తుందా నీ నోట్లకు?”

“ఓ ముసల్దానా, పొద్దుగాల పొద్దుగాల లొల్లి పెట్టకు. పో.”

“పోత. కట్టె ఇయ్యి, పోత.”

గిట్ల కొట్లాడేటిది ఎవ్వలంటరా? ఆమెనే కొంరవ్వ. చెప్త, ఇనుండ్రి.

మీ తాతకు తాత ఇంకా పుట్టలే. వాగుకు ఇంకా పేరు పెట్టలే. గప్పట్ల మూడుబాటలు అని ఒక ఊరుండె. ఆ ఊర్ల ఒక మందుగుడిసె ఉండె. గుడిసె నడుమ పొయ్యి, పొయ్యి మీద పెద్ద కాగు. ఆ పొయ్యి ఆరంగ ఎవ్వలు సూడలే. జెరమొచ్చినోనికి కషాయం, నొప్పులు పడేదానికి ఉడుకు నీళ్లు, బువ్వ లోపటికి పోనోనికి గంజి. నువ్వెవ్వలు, ఏం తెచ్చినవ్ అని అడిగేటోడు లేడు. పటేలు కొడుకు, పటేలు పాలేరు ఒక్క సాప మీద పండేటోళ్లు. నాడి చూసెటందుకు శంభులింగం అని ఒక వైద్యుడు ఉండె.

మరి పొయ్యి ఎట్ల మండాలె? ఊరు కట్టెలతోనే మండేది. అంగడి నాడు ఇంటికొక కట్టె, దోసెడు జొన్నలు. అయితే ఒక కట్టుబాటు. రోగమున్న ఇల్లు కట్టె ఇయ్యొద్దు. ఆ కట్టె పొయ్యిల పెడితే పొగ చెడుతదని, మందు విషమైతదని ఊరి నమ్మకం. మంచిగున్న ఇల్లే ఇయ్యాలె.

ఆ కట్టెలు ఎత్తేటిదే కొంరవ్వ. ఆమెకు వైద్యం రాదు. నాడి చూడరాదు, ఏ ఆకు ఎందుకో తెల్వదు. ఒక్క అడుగుడే వచ్చు. నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకోని గడప గడపకు పోయి అడిగేది.

“మీ ఇంట్ల అందరు మంచిగున్నరా? మంచిగుంటే ఒక కట్టె.”

మంచిగున్నమంటే కట్టె ఎత్తుకునేది. మంచిగ లేదంటే ఇంటి చూరుకు యాపకొమ్మ చెక్కి, శంభులింగం కోసం ఉరికేది. యాపకొమ్మ ఉన్న ఇంటోళ్లు వాగుకు పోవద్దు. వాళ్ల బట్టలు వాగుల పిండొద్దు. పక్కింటోళ్లే నీళ్లు తెచ్చి పొయ్యాలె. గట్ల నడిచేది ఊరు.

ముందుగాల కట్టె బందు పెట్టింది రాంకిష్టయ్య పటేలు. పట్నం పోయొచ్చినంక ఆయనకు గుడిసెల సాప కుచ్చుకుంది. “మా ఆడోళ్లు మంది నడుమ పండుడేంది?” అన్నడు. పెరట్ల పెంకుటిల్లు కట్టిండు. శంభులింగానికి పట్టు కండువ కప్పి అండ్ల కూసోబెట్టిండు. ఊరి జొన్నలు తిని నేర్చిన ఇద్దె పటేలు పెరట్ల చేరింది. శంభులింగం ఎప్పుడన్న గుడిసెకొస్తే నిలవడే నాడి పట్టి, నిలవడే పోయేటోడు.

రెండోవాడు సారయ్య. బండలు కొట్టే పడుసోడు. పుట్టినంక ఒక్కనాడు జెరం ఎరుగడు. వాడేమన్నడో ఇంతకు ముందే ఇన్నరు.

మూడోది బుచ్చవ్వ. ఇస్తర్లు కుట్టుకోని బతికే పేదది. ఆమె చేతి కట్టె ఎన్నడు తప్పలే. ఒక అంగడి నాడు ఆమె గూడ ఒట్టి చేతులతోని గడపల నిలవడ్డది.

“కోపానికి రాకే కొంరీ. నా కోడలు కాన్పుకొస్తే మీ గుడిసెల ఏముండె? పొగ ఉండె, మంట లేకుండె. గంజిల గింజ లేకుండె. శంభులింగం వస్తడు వస్తడని పొద్దుగూకెదాంక కూసుంటిమి. రాని వైద్యునికి, లేని గంజికి కట్టెలెందుకే?”

కొంరవ్వ నెత్తి మీది చుట్టబట్ట సదురుకుంది. అబద్ధమైతే తిరిగి అంటుండె. నిజమాయె.

“కట్టెలు లేకనే మంట లేదే బుచ్చీ.”

“మంట లేకనే కట్టెలు ఇస్తలేరే కొంరీ.”

కొంరవ్వ పక్కింటికి పోయింది.

అయితే అంగడి అంగడికి కట్టె ఇయ్యనని ముఖం మీద చెప్పాలంటే సిగ్గాయె. గందుకు ఊరికొక ఉపాయం దొరికింది.

“మా ఇంట్ల మంచిగ లేదవ్వా.”

సారయ్య బండ భుజానికెత్తుకుంట అన్నడు, “కడుపుల నొప్పవ్వా.” పటేలు జీతగాడు దర్వాజ కాడికెల్లే అన్నడు, “పటేలుకు తుమ్ములు.” ఏ ఇంటికి పోయినా గదే మాట. మంచిగ లేదు. మంచిగ లేదు. మంచిగ లేదు. చెక్కీ చెక్కీ ఊరంత పెండ్లి పందిరి లెక్క యాపకొమ్మలాయె. పోరగాండ్లు వాటిని పీకి కత్తులని ఆడుకున్నరు. శంభులింగం తిట్టిండు. “నువ్వు పిలిచిన ఇంటికి పోతే రోగి పీట మీద కూసోని గట్క తింటుండు. మల్ల నన్ను పిలిస్తే చూడు.”

కొంరవ్వ కొమ్మలు చెక్కుడు మానేసింది. శంభులింగాన్ని పిలుచుడు మానేసింది. అడుగుడైతే మానలే. కానీ ఇదివరకు అడిగి నిలవడేది. ఇప్పుడు ఆగకుంట నడుసుకుంటనే అడుగుతుంది.

గట్ల నడుస్తున్న ఒకనాడు బుచ్చవ్వ ఇంటి ముంగట అడిగింది.

“మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?”

“మంచిగ లేదే కొంరీ!” లోపటికెల్లి బుచ్చవ్వ గొంతు.

“మొన్న గూడ గిట్లనే అంటివి.”

“జెర లోపటికి రాయే, పోరి—”

“కట్టె లేదంటే లేదను. నాతోని గూడ నాటకాలేనా?”

నవ్వుకుంట పోయింది. ఎనుక బుచ్చవ్వ ఇంకేందో ఒర్లింది. కొంరవ్వ తిరిగి చూడలే.

లోపట కోడలుకు, కోడలు పసిబిడ్డకు వాంతులు, బేదులు. కొంరవ్వ వాడకట్టు దాటకముందే పసిబిడ్డ పోయింది. చూరుకు యాపకొమ్మ లేదాయె. కొమ్మ లేదు గనుక పక్కింటోళ్లు నీళ్లు తేలే. బుచ్చవ్వనే వాగుకు పోయింది. ఏడ్చుకుంట ఆ బట్టలు అండ్ల పిండింది. దిగువన ఊరంత కుండలు ముంచుకుంటుండె.

గత్తర వచ్చింది.

బుచ్చవ్వ ఏడుపు ఇని కొంరవ్వ ఆమె ఇంటికి ఉరికొచ్చింది. బుచ్చవ్వ ఆమెను చూసి ఒక్క మాట అన్నది.

“నువ్వు అడిగితివి. నేను చెప్పితి. ఇనకపోతివే కొంరీ.”

కొంరవ్వ అక్కడ నిలవలేక గుడిసెకు ఉరికింది. పొయ్యిల బూడిద సల్లగుంది. బూడిదల కుక్క పండింది. తెల్లారెసరికి ఊరు గత్తరొచ్చినోళ్లను మోసుకొస్తుంది. మంచాల మీద, భుజాల మీద, బండ్ల మీద. కొంరవ్వ మల్ల గడప గడపకు ఉరికింది.

“కట్టెలియ్యుండ్రి! కట్టెలియ్యుండ్రి!”

ఈపాలి ఎవ్వలు లేదనలే. పెరట్ల గుట్టలు చూపెట్టిండ్రు. మోపులు నెత్తికెత్తుకొచ్చిండ్రు. గుడిసె ముంగట ఒక తల్లి బిడ్డను సంకల పెట్టుకోని అడ్డం తిరిగింది.

“గది ఎవ్వలింటి కట్టె? వాళ్లింట్ల గత్తర ఉంది. ఆ కట్టె మీద కాగిన నీళ్లు నా బిడ్డకు పొయ్యనీయ.”

“అవునవును. పొగ చెడుతది. పెట్టొద్దు,” అన్నరు అందరు.

రోగం లేని ఇల్లు ఏదని చూసిండ్రు. ఆ ఇల్లు, ఈ ఇల్లు, అన్ని చూసిండ్రు. ఊరంత కట్టెలే, పొయ్యిల పెట్టెటందుకు ఒక్క కట్టె లేకపాయె.

ఒక్క ఇల్లు మిగిలింది. కొంరవ్వది.

ఆమె ఇంటి ఎనుక కట్టెలు లేవు. ఉన్నయన్ని ఎప్పుడో గుడిసెకు తెచ్చి పెట్టింది. గందుకు ముందుగాల తలుపు పీకింది. తలుపు మండింది, కాగు మసిలింది. తలుపు అయిపోయినంక మంచం ఇరగ్గొట్టింది. మంచం అయిపోయినంక గొడ్డలి తీసుకోని పోయి దూలం నరికింది. ఇల్లు కూలింది. దూలం గుడిసెకు ఈడ్చుకొచ్చింది.

సారయ్యను వాని తమ్ముడు ఈపు మీద మోసుకొచ్చిండు. ఆ బండలెత్తే చేతులు తాళ్ల లెక్క ఏలాడుతున్నయి.

“అవ్వా, కట్టె ఇస్తనే. ఇంటెనుక శాన ఉన్నయి.”

“ఇస్తువు తియ్యి బిడ్డా. ముందుగాల గంజి తాగు.”

గంజి నోట్లనే ఉంది, పాణం పోయింది.

పటేలు గోడ ఎత్తుగుండె. గత్తరకు గోడ అడ్డమా? పెరటి తలుపుకెల్లి శంభులింగం పట్నం తొవ్వ పట్టిండు. పటేలు తల్లిని భుజం మీదేసుకోని గుడిసెకొచ్చిండు. సారయ్యను ఎత్తిన సాప మీదనే ఆమెను పండబెట్టిండు. కొంరవ్వ ఉడుకు నీళ్ల ముంత ఆయన చేతికిచ్చింది.

కొందరు బతికిండ్రు. శానమంది బతకలే.

దూలం గూడ బూడిదైననాడు కొంరవ్వకు వాంతులు మొదలైనయి. ఆమెకు ఉడుకు నీళ్లు కావాలె. కాగు సల్లగుంది. బుచ్చవ్వ వచ్చి ఆమె తలకాయ ఒడిల పెట్టుకుంది.

కొంరవ్వ కండ్లు తెరిచింది.

“బుచ్చీ, మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?”

బుచ్చవ్వ ఇంట్ల పసిబిడ్డ పోయింది. కోడలు పోయింది. కొడుకు పోయిండు. బుచ్చవ్వ ఒక్కతే మిగిలింది.

“మంచిగున్నమే కొంరీ,” అన్నది.

“మంచిగుంటే ఒక కట్టె...”

గంతే. మల్ల మాట్లాడలే.

గుడిసె పక్కనే బొంద పెట్టిండ్రు. బుచ్చవ్వ ఇంటికి పోయి ఒక కట్టె తెచ్చి ఆ మన్ను మీద పెట్టింది. ఆమెను చూసి పటేలు ఒకటి పెట్టిండు. పటేలును చూసి ఊరంత పెట్టింది.

ఇయ్యాలటికి పెడుతరు. ఆ తొవ్వల పోయేటోడు ఒక కట్టె ఏస్తడు, “మా ఇంట్ల అందరు మంచిగున్నరవ్వా” అంటడు, దండం పెడుతడు. ఏడాదికోపాలి డప్పులు కొడుతరు, జాతర చేస్తరు. పటేలు మనవలు కంచె గూడ కట్టిచ్చిండ్రు. ఆ కట్టెల గుట్ట ఇప్పుడు ఇంటెత్తు ఉంటది. అండ్లకెల్లి పుల్ల గూడ ఎవ్వలు తియ్యరు. తీస్తే కొంరవ్వకు కోపమొస్తదంటరు. కింది కట్టెలు చెదలు తింటయి. మీద కొత్త కట్టెలు పడుతయి.

గుడిసె మల్ల కట్టలే. పొయ్యి మల్ల ముట్టియ్యలే.

నొప్పులు పడే ఆడోళ్లను మంచం మీద పండబెట్టి గుట్టలు దాటి పట్నం మోసుకపోతరు. తొవ్వ కొంరవ్వ కట్టెల పక్కపొంటే పోతది. మోసేటోళ్లు ఆడ మంచం దించుతరు. తలా ఒక కట్టె ఏసి మొక్కుతరు. మంచం మీది ఆడమనిషి సలికి వణుక్కుంట ఆ కట్టెల దిక్కు చూస్తది. వాళ్లు మల్ల మంచం ఎత్తుకోని నడుస్తరు. కొందరు పట్నం చేరుతరు.

కథ అయిపోయింది. గుడిసె లేదు, అవ్వ లేదు. ఒక్క అడుగుడే మిగిలింది. గడపకొచ్చి అడిగేటోళ్లు ఎవ్వలు లేరు గనుక గీడికెల్లే అడుగుతున్న, నిజం చెప్పుండ్రి.

మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?