బుగ్యాల్ అంటే

నాలుగేళ్లు సాధన చేశాక, తనలో ఏమీ మొలవదని ఓబులేసుకు ఖాయమైపోయింది. తోటి శిష్యులకు ధ్యానంలో వెలుగులు కనిపిస్తాయట. పాపం, అతనికి మోకాళ్ల నొప్పి తప్ప మరేమీ తెలియలేదు. హిమాలయాల్లోని ఆ ఆశ్రమం వదిలి నంద్యాల వెళ్లిపోతానని గురువుతో చెప్పేశాడు.

గురువు శంభుగిరి స్వామి మూలికల వైద్యుడు. ఆయనదీ రాయలసీమే. "పోదువులే నాయనా. నువ్వు రాస్తాండే మూలికల పుస్తకం కొంచెం మిగిలింది గదా, అది ముగించి పో" అన్నాడు.

ఓబులేసు ఒక్క పూటలో ముగించాడు. కొండ ఎక్కేకొద్దీ అడవి ఎలా మారుతుందో వరసగా రాశాడు. కింద పైన్ చెట్లు, ఆ పైన ఓక్, తర్వాత దేవదారు, ఇంకా పైన భూర్జ వృక్షాలు. వాటన్నిటినీ దాటాక వచ్చే మండలాన్ని అక్కడి గొర్రెల కాపరులు బుగ్యాల్ అంటారు. ఆ పేరు కింద ఒకటే ముక్క రాశాడు: 'చెట్లు లేని చోటు.'

స్వామి అది చదివి కర్ర అందుకున్నాడు. ఇద్దరూ కొండెక్కారు. భూర్జ వృక్షాలు నడుమెత్తుకు, మోకాలెత్తుకు కురచబడి చివరికి ఆగిపోయాయి. ఓబులేసు దారి వదిలి, ఎదురుగా ఉన్న బయలులోకి చకచకా ఇరవై అడుగులు వేశాడు.

"చూడండి సామీ, ఏమన్నా ఉందా?"

స్వామి దారిమీదే నిలబడ్డాడు. "సరే, వెనక్కి రా. ఒక్క మొక్కను గూడా తొక్కొద్దు."

ఇంతే కదా అని ఓబులేసు కాలెత్తాడు. దించబోయిన చోట ఆవగింజంత నీలం పూలు. పాదం పక్కకు జరిపాడు. అక్కడ నూగు కప్పుకున్న బూడిదరంగు ఆకులు. ఇటు జరిపితే, వేలెత్తు కూడా లేకుండా నేలను కరుచుకుని పాకుతున్న కొమ్మ. దానికీ చిగుళ్లున్నాయి.

కొంగలా ఒంటికాలి మీద నిలబడి దీనంగా చూశాడు.

"కాలు యాడ పెట్టేది సామీ?"

"పోయేటప్పుడు యాడ పెట్టినావు?"

ఓబులేసు తను నడిచిన దారి చూశాడు. ఇరవై చోట్ల పూలు నలిగి ఉన్నాయి. అతనికి కళ్లనీళ్లు తిరిగాయి.

"నువ్వు రాసింది అబద్ధం గాదు" అన్నాడు స్వామి మెత్తగా. "ఈడ ఏం లేదో రాసినావు. ఏముందో గూడా రాసి పో."

"ఇదంతా రాయాలంటే ఏండ్లు పడతాది గదా సామీ!"

"పట్టనీలే నాయనా."