దివాణం మీద డిస్ప్యూట్

భర్త పోయిన నెలకే పోలమ్మ చేను మీద జమీందారు కన్ను పడింది. పండిన వరిని కోయబోతే ఆయన మనుషులు అడ్డుపడ్డారు. ఆమె ఏడుస్తూ కలెక్టరు దొర కచేరీకి పోయింది.

జమీందారు అక్కడే కూర్చుని, "ఆ చేను డిస్ప్యూట్‌లో ఉంది దొరా," అన్నాడు దర్జాగా.

"అంటే ఏంటి బాబయ్యా?" అంది పోలమ్మ.

"అది నాదని నేనంటున్నాను. తేలేదాకా అందులో ఎవరూ అడుగు పెట్టకూడదు."

"కాయితాలేం చూపించక్కర్లేదా?"

"నాదంటే చాలు."

"అయితే తమరి దివాణం నాదంటున్నాను బాబయ్యా. తేలేదాకా తమరూ బయటే ఉండాల."

దొర జమీందారు వైపు తిరిగి, "ఇదీ డిస్ప్యూటే కదా?" అన్నాడు. జమీందారు చేను వదులుకున్నాడు.

పోలమ్మ తిరిగి చేలోకి వెళ్లేసరికి, కోత ఆలస్యమై గింజ సగం నేల రాలిపోయింది. "నువ్వుంటే ఎంత నవ్వేవాడివో," అని మొగుణ్ణి తలుచుకుంటూ, మిగిలింది ఒంటరిగా కోసుకుంది.